పొలమున రెడీమేడు ఇల్లు: కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల రైతు సోదరులు ఇటీవల మమ్ము తరచుగా అడుగుచున్న ప్రశ్న పంటను గూర్చినది కాదు, ఇంటిని గూర్చినది. గోడలు, కప్పు, తలుపులు అన్నియు కార్ఖానాలోనే తయారుచేసి, లారీ మీద తెచ్చి, రెండు మూడు దినములలో నిలబెట్టి పోవుదురట. పొలము వద్ద అట్టి గది పెట్టుకొనిన మంచిదా, కాదా? సేద్యశాస్త్రము చెప్పువారికి ఇండ్లతో పనియేమని కొందరనవచ్చును. కాని ఇంటి పునాది దిగునది నేలలోనే. అందులో దాచునది విత్తనము, ధాన్యము, ఎరువు. అందులో నిద్రించునది రైతు, అతని భార్యాబిడ్డలు, లేదా పొలము కాచు జీతగాడు. దానికి పెట్టు డబ్బు రెండు మూడు పంటల ఆదాయము, లేదా అమ్ముకొనిన కుంటల ధర. తప్పు గది కొనినచో ఆ డబ్బు మరల రాదు.

మన ప్రాంతమున ఇప్పుడు దొరకు రకములు ముఖ్యముగా మూడు. మొదటిది ప్రీకాస్టు కాంక్రీటు గది. ఔటర్ రింగు రోడ్డు ఇరుప్రక్కల ప్లాట్ల చుట్టును గాడి గల స్తంభములు పాతి, వాని నడుమ పలుచని కాంక్రీటు పలకలు జార్చి కట్టిన ప్రహరీలను అందరును చూచియే యున్నారు. ఆ పలకలతోనే నాలుగు గోడలు నిలిపి పైన రేకులు వేసిన అది గది యగును. రెండవది ప్యానెలు గది. రెండు పలుచని రంగు రేకుల నడుమ నురుగు పదార్థము నింపిన పలకలను ఇనుప చట్రమునకు బిగింతురు. ఆ నురుగు పఫ్ కావచ్చును, థర్మోకోల్ కావచ్చును. ఈ రెంటికి గల భేదమును అమ్మువాడు చెప్పకపోయినను కొనువాడు అడిగి తీరవలెను. మూడవది కంటెయినరు. ఓడలలో సరుకు మోసిన పాత ఇనుప పెట్టెకు కిటికీలు కోసి, లోపల పలకలు కొట్టి ఇల్లుగా అమ్ముచున్నారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1830లలోనే లండనులో మానింగ్ అను వడ్రంగి, ఆస్ట్రేలియాకు వలసపోవువారి కొరకు విప్పి మడిచి ఓడలో వేసుకొనదగిన కొయ్య ఇండ్లు చేసి అమ్మెను. రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట బ్రిటనులో ప్రభుత్వమే లక్షన్నరకు పైగా రెడీమేడు ఇండ్లు వేయించెను. పదేండ్ల కొరకు వేసిన ఆ ఇండ్లలో అనేకము అంతకు ఎన్నో రెట్లు కాలము నిలిచినవి. మన దేశములో 1948లో కేంద్ర ప్రభుత్వము దేశ విభజన వలన నిరాశ్రయులైన వారి కొరకు ఢిల్లీలో ఇండ్ల కార్ఖానాను తలపెట్టెను. అచ్చటి నురుగు కాంక్రీటు పలకలు పగుళ్లు బారుటచే ఆ పథకము సాగలేదు. 1953లో దానిని కంపెనీగా మార్చిరి. అదియే 1978 నుండి హిందుస్థాన్ ప్రీఫాబ్ అను పేర నడచినది. 1968 మే 16న లండనులో రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల మేడలో 18వ అంతస్తున వంటగ్యాసు పేలగా ఆ మూల గదులన్నియు పైనుండి క్రిందివరకు ఒకదానిపై నొకటి కూలినవి, నలుగురు మరణించిరి. అచ్చట పలకలు బలహీనమైనవి కావు. పలకకు పలకకు నడుమ గల అతుకులు చాలలేదు. రెడీమేడు ఇంటిని చూచునపుడు గోడను తట్టి చూచుట మన వాడుక. చూడవలసినది అతుకును.

2021 జనవరి 1న కేంద్ర ప్రభుత్వము చెన్నై, ఇండోర్, రాంచీ మొదలగు ఆరు నగరములలో ఇట్టి కొత్త పద్ధతులతో ఇండ్ల నిర్మాణమునకు శంకుస్థాపన చేసినది. చెన్నైలో ప్రీకాస్టు కాంక్రీటు, ఇండోరులో ప్యానెళ్లు వాడిరి. వానిని ఉదాహరణగా చూపి మన పొలములో గది అమ్మజూచు వారు కలరు. అవి ఇంజనీర్ల పర్యవేక్షణలో కట్టిన బహుళ అంతస్తుల భవనములు. పొలము గట్టున నలుగురు కూలీలు సాయంత్రము లోపల బిగించి పోవు గదికి ఆ పోలిక చెల్లదు.

నేల సంగతి

మేడ్చల్, శామీర్‌పేటల మెట్ట భూములు చాలవరకు ఎర్ర చల్కలు. ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లకు పేరుపొందిన నేలలివి. మూడు నాలుగడుగుల లోపలనే మొరము, కొన్నిచోట్ల పరుపు బండ తగులును. ఇట్టి నేల తేలిక ఇంటికి ఎంతో అనుకూలము. బండ పైకి తేలిన చోట దానిలోనే రంధ్రములు తొలిచి బోల్టులు దింపవచ్చును.

చెరువుల క్రింది పల్లపు భూములలో నల్లరేగడి ముక్కలు కలవు. అచ్చట జాగ్రత్త అవసరము. రేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెర్రెలిచ్చును. బరువైన ఇల్లు తన బరువుతో ఆ ఉబ్బును కొంత అణచును. తేలికైన ఇంటిని నేల పైకెత్తివేయును. “తేలిక గదికి పునాదితో పనిలేదు” అను మాట చల్కలో కొంత నిజము, రేగడిలో పూర్తిగా అబద్ధము. నేల ఒక ప్రక్క ఉబ్బి ఒక ప్రక్క అణగినపుడు చట్రము వంకరపోవును, తలుపు పట్టదు, అతుకులు విడి నీరు కారును. రేగడిలో తప్పనిసరి యైనచో నాలుగడుగుల వరకు నల్లమట్టి తీసివేసి, మొరము పొరలు పొరలుగా వేసి తడిపి దిమ్మిస కొట్టించవలెను. చుట్టును నాలుగడుగుల వెడల్పున నీరు ఇంకని గచ్చు వేయవలెను. గోడ ప్రక్కనే డ్రిప్పు పైపు నడపరాదు. ఒక ప్రక్క నిత్యము తడి, ఒక ప్రక్క పొడి యగుటకంటె గదికి చెడుపు లేదు.

గాలి లెక్క

ఏప్రిల్, మే నెలలలో సాయంకాలము ఒక్కసారిగా వచ్చు గాలివానను ఈ ప్రాంతపు కోళ్ల ఫారముల వారు ఎరుగుదురు. రేకులు ఎగిరి పోవుట గాలి తోయుట వలన మాత్రమే కాదు. కప్పు మీదుగా వేగముగా పోవు గాలి దానిని పైకి పీల్చును. కట్టడముల లెక్కలకై భారత ప్రమాణము హైదరాబాదుకు నిర్ణయించిన గాలి వేగము సెకనుకు 44 మీటర్లు, అనగా గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఆ వేగమున చదరపు మీటరుకు నూరు కిలోలకు అటునిటుగా పైకి లాగు బలము కలుగవచ్చును. ఇరువది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గది కప్పు సుమారు 18.5 చదరపు మీటర్లు. దాని మీద లాగుడు 18 క్వింటాళ్లకు పైన. రెండంగుళముల ప్యానెలు కప్పు బరువో, చదరపు మీటరుకు 10, 12 కిలోలు. మొత్తము రెండు క్వింటాళ్లు. మిగిలిన పదునారు క్వింటాళ్లను పట్టి ఉంచవలసినవి స్క్రూలు, చట్రము, పునాదియే. నాలుగున్నర అంగుళముల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 270 కిలోలకు పైగా తూగును కనుక దానికి ఈ భయము లేదు.

మరి యేమి చేయవలెను? ఆరు స్తంభములు గల గదికి ఒక్కొక్క స్తంభము క్రింద రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల కాంక్రీటు దిమ్మె పోయించి, అందులో బోల్టులు ముందే నిలిపి, స్తంభపు అడుగు పలకను వానికి బిగించవలెను. ఒక్కొక్క దిమ్మె సుమారు 540 కిలోలు. ఆరును కలిసి 32 క్వింటాళ్లు. ప్రక్కనుండి వీచు గాలికి కూడ కొంత మిగులు ఉండునట్లు వేసిన లెక్క ఇది. నాలుగు ఇటుకలపై గదిని ఊరక కూర్చుండబెట్టి పోవుటను మేము పెక్కు చోట్ల చూచితిమి. అది ప్రమాదకరము. ఇరువది అడుగుల పాత కంటెయినరు ఖాళీదే 22 క్వింటాళ్లకు పైన తూగును కనుక ఈ విషయమున అది మేలు. అయినను దానిని కూడ నాలుగు మూలల బిగించుట మంచిది.

ఎండ సంగతి

అమ్మువారు గట్టిగా చెప్పు గుణము చల్లదనము. ఇందులో నిజము కలదు, కాని సగమే. పఫ్ నురుగు వేడిని మిక్కిలి మెల్లగా పోనిచ్చును. రెండంగుళముల పఫ్ పలక, వేడిని ఆపు శక్తిలో, ఒకటిన్నర మీటరుకు మించిన ఇటుక గోడతో సమానము. ఇది వినుటకు ఆశ్చర్యముగా నుండును. కాని ఇటుక గోడ, మట్టి గోడ వేడిని తమలో దాచుకొని ఆలస్యముగా విడుచును. పలుచని పలకకు ఆ గుణము లేదు. కిటికీ గుండా వచ్చిన ఎండ, ఫ్రిజు వేడి, నలుగురు మనుషుల ఒంటి వేడి లోపల చేరిన, ఆ పలక దానిని బయటికి కూడ పోనీయదు. కావున ఎదురెదురుగా రెండు కిటికీలు, కప్పు దగ్గర గాలి రంధ్రములు లేని ప్యానెలు గది మే నెల మధ్యాహ్నము పెట్టె వంటిది. రాత్రి వేళ మాత్రము కిటికీలు తెరచిన త్వరగా చల్లబడును. పగలంతయు కాగిన స్లాబు క్రింద పండుకొనువారు ఈ సుఖమును ఒప్పుకొనక తప్పదు. థర్మోకోల్ పలక పఫ్ కంటె తక్కువ పని చేయును. కంటెయినరుకు లోపల నురుగు వేయనిచో, ప్రీకాస్టు గదికి పైన ఒంటి రేకు వేసినచో, వేసవిలో పగలు లోపల నిలువలేము. ఎండలో రేకు 60 డిగ్రీలు దాటి కాగును.

దీనికి మా శాస్త్రమునకు చెందిన ఉపాయమొకటి చెప్పెదము. కప్పునకు రెండడుగుల ఎత్తున కడీలపై పందిరి వేసి సొర, బీర పాకించవలెను. పడమటి గోడకు చిక్కుడు పెట్టవలెను. వేసవికి తీగ నిండుగా నుండునట్లు జనవరిలోనే విత్తనము నాటవలెను. తీగ ఎండిన తరువాత తీసివేయకున్న అది నిప్పునకు ఆహారమగును.

నిప్పు, తుప్పు, కరెంటు

ప్యానెలు గదిలో కట్టెల పొయ్యి పెట్టరాదు. నురుగు అంటుకొనిన వెలువడు పొగ విషపూరితము. మంటకంటె ముందు పొగయే ప్రాణము తీయును. వంటకు ఇటుకలతో వేరుగా చిన్న సావిడి వేసికొనవలెను. పొలము గదులలో వంట చేయునది ఎక్కువగా స్త్రీలు. గది కొనునపుడు వారిని అడుగకుండుట మన ఇండ్లలో వాడుకయై యున్నది. గదిలోనికి తలుపు ఒక్కటే యుండక రెండవ ద్వారముగాని, మనిషి దూరదగు కిటికీగాని యుండవలెను.

యూరియా, పొటాష్ సంచులను ఇనుప గోడకు ఆనించి పెట్టిన తుప్పు పట్టును. మైలుతుత్తము జింకు పూతను తినివేయును. బోర్డో మిశ్రమము కలుపు తోటల వారు దానిని గదిలో ఉంచరాదు. కోళ్ల ఫారము ప్రక్కన అమ్మోనియా వాయువు కూడ ఇదే పని చేయును. ధాన్యమును 12 శాతము తేమ వరకు ఎండబెట్టి, చెక్కల మీద, గోడకు అడుగు ఎడముగా నిలువ చేయవలెను. చలికాలపు తెల్లవారు జామున రేకు లోపలి వైపు నీరు పట్టి సంచుల మీద బొట్లు బొట్లుగా పడును. పలకల అంచులు మూయనిచో ఎలుకలు, చీమలు నురుగులో కాపురము పెట్టును.

ఇనుప గదికి ఎర్తింగు లేకుండ కరెంటు ఇచ్చుట ప్రాణాపాయము. పొలములలో మోటారు స్టార్టరు వైర్లు, గది వైర్లు ఒకే గోడ మీద పారుచుండును. ఒక్క తీగ పై పొర ఒలిసిన గోడ అంతయు కరెంటే. గదికి వేరుగా ఎర్తు గుంట తవ్వించి, కరెంటు కారిన వెంటనే ఆపు బ్రేకరు పెట్టించుకొనవలెను. దీని ఖర్చు గది ధరలో కొద్ది భాగమే. అయినను ఎక్కువమంది మిగుల్చుకొనజూచునది దీనినే.

ఎవరికి తగును?

కౌలు రైతుకు ఇది మంచి సాధనము. పరుల భూమిలో ఇటుక ఇల్లు కట్టిన అది భూమితో పాటే పోవును. బోల్టుల గది విప్పి వెంట తీసికొనిపోవచ్చును. నర్సరీలు, పాలీహౌసులు, కూరగాయల తోటలు నడుపువారికి జీతగాండ్ర గదులుగాను, పనిముట్ల కొట్టుగాను ప్యానెలు గది సరిపోవును. వేసవిలో బోరు ఎండుచుండగా స్లాబుకు, గోడలకు వారము పది దినములు నీరు పట్టుట కంటె ఆ నీటిని మడికి పారించుట మేలు గదా. ఈ ఒక్క లాభము మన మెట్ట ప్రాంతమున చిన్నది కాదు.

తరతరముల కాపురమునకు మాత్రము మేము దీనిని సిఫారసు చేయము. ప్యానెలును మన ఊరి మేస్త్రీ బాగుచేయలేడు. ఒక పలక చెడిన అదే కొలత, అదే రకము మరల దొరకునో లేదో. కూతురికి, కొడుకుకు మరియొక గది కలుపవలసి వచ్చినపుడు ఇటుక ఇంటికి గల వీలు దీనికి లేదు. తక్కువ ఖర్చున పక్కా ఇల్లు కోరువారు రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థవారి గ్రామీణ సాంకేతిక పార్కులో నొక్కిన మట్టి ఇటుకల ఇండ్లను ఒకసారి చూచి రావలెను. చల్క నేలల మట్టి అట్టి ఇటుకలకు పనికివచ్చునా లేదా అనునది పరీక్షించి చూడవలసిన విషయము.

కంటెయినరు కొనదలచినవారు లోపలి వెడల్పు కొలువవలెను. ఎనిమిది అడుగుల పెట్టెకు లోపల పలకలు కొట్టిన ఏడున్నర కూడ మిగులదు. మంచము వేసిన నడచు చోటుండదు. దాని నేల చెక్కకు పురుగుమందు పట్టించి యుందురు. పూర్వము ఏ సరుకు మోసినదో తెలియదు. కావున పాత చెక్క తీయించి కొత్తది వేయించుట క్షేమము.

ధర అడుగునపుడు గది ధర ఒక్కటియే అడుగరాదు. లారీ, క్రేను, పునాది, వైరింగు, మరుగుదొడ్డి, పన్నులు అన్నియు కలిపి కాగితము మీద వ్రాయించుకొని, అదే వైశాల్యమునకు మన మేస్త్రీ చెప్పు లెక్కతో పోల్చవలెను. పలక మందము, రేకు మందము, నురుగు పేరు అందులో ఉండవలెను. “కదలు ఇల్లు కనుక అనుమతి అక్కరలేదు” అను మాటను నమ్మక స్థానిక పంచాయతీ లేదా మునిసిపాలిటీ కార్యాలయమున విచారించవలెను. అప్పు తీసికొనువారు ఇట్టి గదికి అప్పు ఇత్తురా యని బ్యాంకులో బయానా ఇచ్చుటకు ముందే అడుగవలెను.

గదిని మృగశిర కార్తెకు ముందే దింపించవలెను. వానలు పడిన తరువాత బండ్ల బాటలో క్రేను దిగబడును. దింపు చోటికి పైన గాని, దారిలో గాని 11 కె.వి. తీగ లున్నచో విద్యుత్ శాఖ వారికి తెలిపి సరఫరా ఆపించిన తరువాతనే క్రేను చేయి ఎత్తనీయవలెను.