పరిచారకుల శౌచం - చేతి తొడుగులు

రోగికి సేవ చేయువారికి చరక సంహిత నాలుగు గుణములను చెప్పింది: ఉపచార జ్ఞానం, దక్షత, రోగిపై అనురాగం, శౌచం. నర్సులకు పాఠం చెప్పేటప్పుడు నేను నాలుగవ గుణం వద్దనే ఎక్కువసేపు నిలుస్తాను.

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో వైద్యుడు సెమ్మెల్వైస్ క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావణంతో చేతులు కడిగించగా, బాలింతల మరణాలు ఎంతగానో తగ్గాయి. శౌచానికి గల విలువ అంతటిది.

తొడుగులు ధరించినందున చేతులు కడగనక్కరలేదని భావించరాదు. తొడుగులో కంటికి కానరాని రంధ్రాలుండవచ్చు. తీసేటప్పుడు మలినం చేతికి అంటవచ్చు. కావున ధరించుటకు ముందు, తీసిన పిదప చేతులు శుభ్రపరచుకొనవలెను. ఒక రోగికి వాడిన తొడుగులతో మరొకరిని తాకరాదు.

విడిచే క్రమం ఇది: మొదట తొడుగులు, పిదప రక్షణ కళ్ళద్దాలు, గౌను, చివరగా మాస్కు. మాస్కు ముందు భాగాన్ని తాకక, తాళ్ళు పట్టి తీయవలెను.

సబ్బుతోనైతే 40 నుండి 60 సెకండ్లు, ఆల్కహాలు ద్రావణంతోనైతే 20 నుండి 30 సెకండ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. చేతికి మలినం కనిపించినా, రోగికి విరేచనాలవుతున్నా సబ్బు, నీరే వాడవలెను.

ఇంట మంచం పట్టిన పెద్దలకు పక్కబట్టలు మార్చే గృహిణులకూ ఇదే నియమం. పసుపునీరు, వేపాకు కషాయం సబ్బుకు బదులు కాజాలవు.