అప్పు కూడా దుక్ఖమే



దుక్ఖం అనగానే మనకు ముసలితనం, రోగం, చావు గుర్తుకొస్తాయి. అంగుత్తర నికాయంలోని ఇణ సుత్తంలో భగవాన్ బుద్ధుడు సంసారులకు ఇంకో లెక్క చెప్పాడు. పేదరికం దుక్ఖం. పేదవాడు అప్పు చేస్తాడు, ఆ అప్పు దుక్ఖం. దానికి మిత్తి కట్టాలి, అదీ దుక్ఖమే. గడువు దాటితే అడుగుతారు, వెంటపడతారు, చివరికి కట్టివేస్తారు. తర్వాత సుత్తం మనసులోని పేదరికం వైపు మళ్లుతుంది. మనం మాత్రం ఈ వారం మొదటి భాగం దగ్గరే ఆగుదాం. ఎందుకంటే అది మన వరంగల్ కథ.

1997-98లో మన జిల్లా పత్తి చేలను లద్దెపురుగు తినేసింది. మిగిలినదాన్ని అకాల వానలు చెడగొట్టాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, కొన్ని మందులైతే నకిలీవి. విత్తనాలు, మందులు అప్పుకిచ్చేది దుకాణందారే. చాలాచోట్ల పంటను కాంటా పెట్టుకునేదీ అతనే. కౌలు రైతుకు పట్టా లేదు, పట్టా లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు. ఇక మిగిలింది నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. అంటే ఏడాదికి 36. ఎంత పండితే తీరుతుంది? ఆ కాలంలో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు మాత్రం పోలేదు, ఇంటామె నెత్తిన పడింది.

"వాని ఖర్మ" అన్నారు కొందరు. మన వాడల్లోనూ అన్నారు, అదే బాధ. ఆ ఒక్క మాటతో నకిలీ మందూ, మిత్తీ, పట్టా లేని కౌలూ అన్నీ కనపడకుండా పోతాయి. పేదల గతికి పోయిన జన్మ పాపమే కారణమంటే సమాజం, ప్రభుత్వం బాధ్యత తప్పించుకుంటాయని బాబాసాహెబ్ 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో రాశారు. కారణం వెతకమనేదే కదా రెండో ఆర్య సత్యం!

కూటదంత సుత్తం చూడండి. యజ్ఞం చేయబోయిన రాజుకు పురోహితుడు ఏం చెప్తాడు? దొంగలను చంపినా, బంధించినా దేశం బాగుపడదు. సాగు చేసేవాళ్లకు విత్తనాలు, మేత ఇవ్వు, వ్యాపారికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాళ్లకు జీతం ఇవ్వు అంటాడు. మొదటి మాటే విత్తనాలు!

ఇక మన పని. అప్పు సంగతి చెప్పుకోవడానికి మనకు సిగ్గు, ఇంట్లో కూడా చెప్పం. ఈ ఆదివారం వందన అయ్యాక విహారంలో కూర్చుని ఎవరికి ఎంత మిత్తికి అప్పు ఉందో మాట్లాడుకోండి. ముందు పెద్దవాళ్లు తమది చెప్పాలి, అప్పుడే చిన్నవాళ్లు నోరు విప్పుతారు. ఎవరైనా బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడితే ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, పైసా ఖర్చు లేదు.

వచ్చే పాఠం: అనాథపిండికుడికి బుద్ధుడు చెప్పిన అప్పులేని సుఖం.