విసుగెత్తిన ఆటను వదలలేకపోవడం ఎందుకు?

"అమ్మీ, బోర్ కొడుతోంది" అంటాడు కొడుకు. చేతిలో ఫోను ఉంటుంది, వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. మన ఇళ్ళలో తల్లులకు ఇది బాగా పరిచయమైన దృశ్యమే. పిల్లలు వీడియో గేములకు బానిసలవుతున్నారని ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఆటంటే రుచి చచ్చిపోయిన తర్వాత కూడా అదే ఆట ఆడుతూ కూర్చునే స్థితి గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. ఆ స్థితిలో పిల్లలే కాదు, పెళ్ళయి బిడ్డలున్న యువకులు కూడా ఉన్నారు.

వీడియో గేములంటే మొహం మొత్తడం కొత్త విషయం కాదు. 1983లో అమెరికాలో ఈ వ్యాపారం ఒక్కసారిగా కుప్పకూలింది. నాసిరకం ఆటలు వెల్లువలా వచ్చిపడటం దానికి ఒక ముఖ్య కారణం. అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను న్యూమెక్సికోలోని అలమగోర్డో ఊరి చెత్తగుంటలో పాతిపెట్టింది. 2014లో తవ్వితే అవి బయటపడ్డాయి. ఆనాడు విసుగు పుట్టినవాడు క్యాసెట్ తీసి అటక మీద పడేసేవాడు, అంతటితో సరి.

నేటి ఫోను ఆటలు చాలావాటికి అలా ముగింపు లేదు. రోజూ తెరిస్తే ఒక బహుమానం, ఒక్కరోజు తప్పితే ఆ వరుస తెగిపోతుంది. వారం వారం 'మిషన్లు' పూర్తిచేయాలి. సీజన్ మారితే ర్యాంకు మళ్ళీ కిందికి దిగుతుంది. డబ్బు పెట్టి కొన్న పాస్ గడువులోగా వాడుకోకపోతే వృథా. ఇక ఆ పెట్టెలు! తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. ఎప్పుడో ఒకసారి మంచిది వస్తుంది, ఆ 'ఎప్పుడో' కోసమే మనసు కాచుకుని ఉంటుంది. కృష్ణపట్నం రేవులో రాత్రి షిఫ్టు చేసేవాడికి తెల్లవారితే డ్యూటీ దిగడం ఉంది, నెల తిరిగితే జీతం ఉంది. ఈ కొలువులో రెండూ లేవు. అలసట మాత్రం ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లోని హదీద్ సూరా 20వ ఆయతులో ఇహలోక జీవితం ఆటగా, వినోదంగా, పరస్పరం గొప్పలు చెప్పుకోవడంగా వర్ణించబడింది. వర్షానికి ఏపుగా పెరిగి రైతును మురిపించే పైరుతో అది పోల్చబడింది. ఆ పైరు ఎండి పసుపుబారుతుంది, చివరకు పొట్టు అయిపోతుంది. ఆటపై కలిగే విసుగు, ఆ పసుపురంగు కంటబడిన ఘడియ లాంటిది. అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించగా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' చేరింది. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా మానకపోవడం దాని గుర్తులు. ఇవి సాధారణంగా 12 నెలలపాటు కనిపించాలి. విసుగు ఆ గుర్తులలో లేదు. విసుగు పుట్టినా ఆగలేకపోవడాన్నే గమనించుకోవాలి.

ఇస్లాం ఆటపాటలకు శత్రువు కాదు. పండుగనాడు హబషీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)కు దాన్ని చూపించారు. ఆమెతో పరుగుపందెం కూడా వేశారు. ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల మధ్య ఉంటే హృదయ స్థితి మారిపోతోందని హజ్రత్ హంజలా (రజి) ఆందోళన పడినప్పుడు, దేనికి తగిన ఘడియ దానికి ఉంటుందన్న భావంతో ఆయన్ను ఓదార్చారు. ఇక్కడ 'ఘడియ' అన్న మాటే కీలకం. ఘడియకు మొదలుంది, చివర ఉంది. నమాజు సలాంతో ముగుస్తుంది, ఉపవాసం ఇఫ్తార్‌తో ముగుస్తుంది. చివర లేని ఆట మనిషికి విశ్రాంతి ఇవ్వదు.

మరి ఆపేస్తే సరిపోతుందా? 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2021 జూలైలో అదే తరహా ఆట వేరే పేరుతో వచ్చింది. ఖాళీ అయిన చేతికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో కృష్ణపట్నం చుట్టుపక్కల తీరంలో చూడండి: గంగపుత్రులు వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పుతారు, పడవలకు రంగులేస్తారు. పని ఆగిన కాలానికీ ఒక పని ఉంది. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని ప్రవక్త (స) హెచ్చరించింది ఇలాంటి రోజుల గురించే అనిపిస్తుంది.

కాబట్టి అబ్బాయి బోర్ అన్నప్పుడు "నేను ముందే చెప్పలేదా!" అని దెప్పకండి. రీల్స్ చూసుకోమని వదిలేయకండి. మొదటి వారం చికాకు ఉంటుంది, దాన్ని కాస్త ఓర్చుకోనివ్వండి. చివర ఉన్న పనులు అప్పగించండి. సైకిల్ పంక్చర్ వేయడం, నానీమాను ఆసుపత్రికి తీసుకెళ్ళి రావడం, ఒక చిన్న సూరా కంఠస్థం చేయడం వంటివి. పెద్ద ఉపన్యాసం అక్కరలేదు.

ఒక జాగ్రత్త. ఆట ఒక్కటే కాదు, తిండి, స్నేహితులు, నిద్ర అన్నీ రుచించకపోతే, అది రెండు వారాలు దాటితే, ఈమాన్ బలహీనపడిందని తేల్చేయకండి. అది మనోవ్యాకులత కావచ్చు. వైద్యుణ్ణి కలవండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది.

చాలామందిని ఆటకు కట్టిపడేసేది ఆట కాదు, జట్టు. "నేను రాకపోతే ముగ్గురూ ఓడిపోతారు" అన్న మొహమాటం. చెప్పకుండా మాయమవడం కన్నా ఆ ముగ్గురికీ సలాం చెప్పి, ఫలానా రోజు నుంచి రానని ముందే తెలియజేయడం మర్యాద. వాళ్ళూ అదే ఊరివాళ్ళయితే అసర్ నమాజు తర్వాత మైదానానికి రమ్మనవచ్చు. మగ్రిబ్ అజాన్ వినబడగానే ఆ ఆట ముగుస్తుంది.