తేలిగ్గా ఉండాలి, విరగకూడదు

ఇంజనీరింగ్‌లో ‘ఆప్టిమైజేషన్’ అనే మాట ఉంది. పెట్టిన నియమాలన్నీ పాటిస్తూ, సాధ్యమైనవాటిలో మేలైనదాన్ని లెక్కకట్టి పట్టుకోవడమే దాని అర్థం. దీని మీద ఎన్నో దేశాల్లో చదివే పాఠ్యపుస్తకం రాసిన వారు సింగిరేసు ఎస్. రావు గారు.

ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోని ఇంజనీరింగ్ విద్యార్థులందరిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. మన పక్కనున్న కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఆ రోజుల్లో ఆ విశ్వవిద్యాలయం కిందే ఉండేది. తర్వాత అమెరికాలోని క్లీవ్‌లాండ్ వెళ్ళి, కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో డాక్టరేటు చేశారు. నిర్మాణాల డిజైన్‌ని కంప్యూటర్ లెక్కగా మార్చవచ్చని 1960లో లూసియన్ ష్మిట్ చూపించింది అక్కడే. రావు గారు ఎంచుకున్న విషయం విమానం రెక్క. ఆ పరిశోధన నుంచి రాసిన వ్యాసానికి జేమ్స్ ఎఫ్. లింకన్ డిజైన్ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఐఐటీ కాన్పూర్‌లోనూ, పర్డ్యూ, మయామీ యూనివర్సిటీల్లోనూ పాఠం చెప్పారు.

రెక్కే ఎందుకు? బరువు పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి. తగ్గించబోతే విరగొచ్చు, గాలికి ప్రమాదకరంగా ఊగిపోవచ్చు. ఈ చిక్కుని ఇంటి దూలంతో చూద్దాం.

దూలం విరగకుండా మోసే బలం దాని వెడల్పు × ఎత్తు × ఎత్తుని బట్టి ఉంటుంది.

వెడల్పు 8 అంగుళాలు, ఎత్తు 4: బలం 128, కొయ్య 32 చదరపు అంగుళాలు.
వెడల్పు 2, ఎత్తు 8: బలం అదే 128, కొయ్య 16.
వెడల్పు అర, ఎత్తు 16: బలం 128, కొయ్య 8.

బలం తగ్గలేదు, బరువు నాలుగో వంతుకి వచ్చింది. కానీ అర అంగుళం దూలం బరువు పడగానే పక్కకి మెలితిరిగిపోతుంది. అంటే మనం ఒక నియమం మరిచిపోయామన్నమాట. దాన్ని కూడా చేర్చాకే అసలు జవాబు దొరుకుతుంది.

దూలానికి కొలతలు రెండే. రెక్కలో ప్రతి రేకు మందమూ, ప్రతి అడ్డకమ్మీ కొలతా మారవచ్చు. చేత్తో తేలే లెక్క కాదు. అందుకే కంప్యూటర్ ఒక డిజైన్‌తో మొదలుపెట్టి, బరువు తగ్గే వైపు చిన్న అడుగు వేస్తుంది. ఏదైనా నియమం అడ్డొస్తే దారి మారుస్తుంది. కళ్ళకి గంతలు కట్టుకుని, పాదంతో వాలు తడుముకుంటూ గోదావరి గట్టు దిగినట్టు. ఇక దిగడానికి దారి లేదన్న చోట ఆగుతుంది.

తెలుగు చదివే మనకి ఇది మరీ కొత్త కాదు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. వాటికి లోబడే కవి మేలైన మాట వెతకాలి. తేడా ఒక్కటే: పద్యంలో మేలు సహృదయుడికి తెలుస్తుంది, ఇంజనీరు మాత్రం దాన్ని అంకెల్లో చెప్పి తీరాలి.

అర్థశాస్త్రంలో ‘ఆప్టిమమ్ జనాభా’ని ‘అభిలషణీయ జనాభా’ అంటారు. అభిలషణీయం అంటే కోరదగినది. కానీ దూలం చెప్పిన పాఠం వేరు: కోరదగినదైతే చాలదు, నియమాల లోపల సాధ్యపడాలి కూడా. ఆ రెండూ పలికే తెలుగు మాట ఇంకా కావాలి. అది వెతకడం ఇంజనీర్ల పని కాదు, మన శాఖ పనే.