ఎవరో కట్టిన విమానం

విచిటా, కాన్సస్

చిరంజీవి సుధీర్‌కి,

గ్రీన్‌కార్డు చేతికి రాగానే ఇల్లు కొంటావని అందరం అనుకుంటే నువ్వు విమానం అంటున్నావు. ఆ పిచ్చి నీకు అంటించింది నేనేనని మీ అమ్మ ఫోన్‌లో నన్ను దులిపేసింది. పోనీలే. హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్లు ఈ దేశంలో నీ పేరున విమానం రిజిస్టర్ అయ్యేది కాదు, ఇప్పుడవుతుంది. ఇక ఇది ఊసుపోక కబురు కాదు గనక వివరంగానే రాస్తున్నాను.

పాత సెస్నా 172 కొనాలా, వ్యాన్స్ కంపెనీ కిట్ తెచ్చుకుని ఆర్‌వీ-7 కట్టుకోవాలా అని అడిగావు. చివర్లో మాటవరసకన్నట్టు ఆర్కన్సాలో ఒకాయన కట్టి అమ్మకానికి పెట్టిన ఆర్‌వీ-7 ఫోటోలు జతచేశావు. అడిగింది రెండు దారులే అయినా నీ మనసు ఈ మూడోదాని మీద ఉందని తెలుస్తూనే ఉంది. కట్టే శ్రమ ఉండదు, వేగం వస్తుంది, మెరిసే స్క్రీన్లు వస్తాయి. నాకు గుబులుగా ఉన్నదీ దాని గురించే.

సెస్నా పుట్టిన ఊళ్లో, సెస్నాలకు తనిఖీలు చేసి బతికేవాడు ఇంకేం చెప్తాడులే అనుకోకు. ఆర్‌వీలంటే నాకు చాలా గౌరవం. రిచర్డ్ వ్యాన్‌గ్రున్స్‌వెన్ 1973లో పెట్టిన ఆ కంపెనీ కిట్లతో 11,000కు పైగా విమానాలు గాల్లోకి లేచాయి. మీ డాలస్ నుంచి మా ఊరికి 172లో రెండున్నర గంటల పైమాట, ఆర్‌వీ-7లో రెండు గంటల లోపే. ఎగరడంలో ఉన్న హుషారు సంగతి వస్తే అసలు పోలికే లేదు.

కానీ 172 లాంటి సర్టిఫైడ్ విమానం అంటే ఏమిటో నువ్వు సరిగ్గా పట్టుకోలేదనిపించింది. అది గట్టి విమానం అని కాదు, అన్నీ ఒకే అచ్చులో పోసినవని. 172లు ఇప్పటికి 44,000 దాటాయి. వాటి సీటు పట్టాల సంగతే చూడు. పట్టాలోని కన్నాలూ, సీటును ఆపే పిన్నూ అరిగితే, టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు వెనక్కి జారుతుంది. పైలట్ కంగారులో చేతిలో ఉన్న స్టీరింగ్ లాంటి యోక్‌నే ఆసరాగా పట్టుకుంటాడు. ముక్కు ఇంకా లేస్తుంది, రెక్కలు గాలి పట్టు కోల్పోయి విమానం స్టాల్ అవుతుంది. అలా మనుషులు పోయాక 1987లో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం ఇచ్చింది. ఈనాటికీ నా దగ్గరికి 172 ఏడాది తనిఖీకి వస్తే, ఆ కన్నాలు కొలిచి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టకుండా బయటికి పంపడానికి వీల్లేదు. నాకు బద్ధకం వేసినా, యజమాని విసుక్కున్నా సరే. ఎక్కడో ఎవరో ప్రాణం పోగొట్టుకుని నేర్పిన పాఠం నీ సీటు కిందికి వచ్చి చేరుతుంది. నువ్వు డబ్బు పోసేది దానికి.

డబ్బు పోయడం మాత్రం నిజమే. కాగితం ఉన్న పార్ట్ ధర వేరు, అదే పార్ట్ కాగితం లేకుండా ధర వేరు. ఆయిల్, టైరు మార్చుకోవడం లాంటి చిన్న పనులు నీ చేత్తో చేసుకోవచ్చు, అంతకు మించితే మెకానిక్కే. నీ స్తోమతకు దొరికే 172ల వయసు యాభైకి అటూ ఇటూ ఉంటుంది. రెక్కల లోపల తుప్పు చూడాలి. 1977-80 మధ్యదైతే ఇంజన్ పేరు చివర హెచ్2ఏడీ ఉందేమో చూడు, వాటిలో క్యామ్‌షాఫ్ట్, లిఫ్టర్లు అరిగే జబ్బు ఉండేది. ఉందని పారిపోనక్కర్లేదు, ఇంజన్ ఎన్నాళ్లు కదలకుండా పడుందో అడుగు.

సొంతంగా కట్టిన విమానానికి ఇలాంటి ఎఫ్‌ఏఏ ఆదేశాలు చాలావరకు వర్తించవు. కిట్ కంపెనీ బులెటిన్ పంపినా పాటించడం, మానడం యజమాని ఇష్టం. సెస్నాకు ఫ్యాక్టరీ, ఎఫ్‌ఏఏ, నాలాంటి ఇన్‌స్పెక్టరూ కలిసి చేసే కాపలా దీనికి ఒక్క మనిషి చేస్తాడు, కట్టినాయన. సగానికి మించిన పని ఔత్సాహికులు తమ చేత్తో, నేర్చుకోవడానికో సరదాకో చేసుంటేనే ఎఫ్‌ఏఏ ఒప్పుకుంటుంది. అలా చేశాడు గనకే ఏటా దాన్ని తనిఖీ చేసి సంతకం పెట్టే రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఆయనకిస్తుంది. ఏ రివెట్ వంకరపోతే తీసి మళ్లీ కొట్టాడో, ఏ గొట్టాన్ని ప్లాన్‌లో లేని దారిన తిప్పాడో ఆయనకు తెలుసు. విమానం అమ్మితే తాళాలు, లాగ్‌బుక్కులు నీకొస్తాయి. సర్టిఫికెట్ ఆయన దగ్గరే ఉండిపోతుంది, ఆ తెలిసిన సంగతులూ అంతే. మరమ్మతులు నువ్వే చేసుకోవచ్చు గానీ ఏడాది తనిఖీకి మామూలుగా మళ్లీ మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.

పాటగాడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరులో పోయింది ఇలాంటి విమానంలోనే. బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ, ఇంకొకరు కట్టింది, డెన్వర్ అప్పుడే కొన్నది. ఇంధనం ట్యాంకు మార్చే మీట ప్లాన్ ప్రకారం పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. మీట దగ్గర ఏ ట్యాంకు ఎటో రాసి లేదు. మాంటెరీ తీరాన ఆ మీట అందుకోవడానికి ఒళ్లు తిప్పినప్పుడు కుడి రడ్డర్ నొక్కుకుపోయి విమానం అదుపు తప్పిందని ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. రెండు వేల పైచిలుకు గంటలు ఎగిరిన పైలట్ ఆయన. ఇక మీట మార్చడం నేరమూ కాదు, అలా మార్చుకునే స్వేచ్ఛ కోసమే చాలామంది కట్టుకుంటారు. కట్టినవాడి చేతికి అలవాటైన చోటు కొన్నవాడి చేతికి అందలేదు.

అదే ఎన్‌టీఎస్‌బీ 2012లో వేసిన నివేదిక ప్రకారం, ఇలాంటి విమానాలకు అంతకు ముందు ఏడాది జరిగిన ప్రమాదాల్లో సగానికి పైగా యజమాని కట్టుకున్నవాటికి కాదు, కొనుక్కున్నవాటికి జరిగాయి. కొన్నవాళ్లలో కొందరికి మొదటిసారి ఎక్కిన రోజే జరిగింది.

అందుకని ఆర్కన్సా విమానం వద్దని ఒక్కమాటలో కొట్టిపారేయను. మనసు అక్కడే ఉంటే ఆయన దగ్గరికి వెళ్లి ఒక పూట కూర్చో. అమ్ముతున్నది కట్టిన మనిషేనా, మధ్యలో చేతులు మారిందా? కట్టేటప్పుడు తీసుకున్న ఫోటోలున్నాయా? ప్లాన్ నుంచి ఎక్కడెక్కడ తప్పుకున్నాడు, ముఖ్యంగా ఇంధనం, కరెంటు విషయాల్లో? ఆపరేటింగ్ లిమిటేషన్ల కాగితం విమానంతో ఉండాలి. మొదట్లో మామూలుగా 25 గంటలో 40 గంటలో పరీక్షగా ఎగరాల్సింది పూర్తయినట్టు లాగ్‌బుక్‌లో రాసి ఉండాలి. విమానాన్ని చూడ్డానికి నన్ను పిలవకు, నాది 172 కన్ను. ఆర్‌వీల మీద పనిచేసిన మెకానిక్‌ని డబ్బిచ్చి తీసుకెళ్లు. కొన్నాక కూడా ఆర్‌వీ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గర శిక్షణ లేకుండా ఒంటరిగా ఎక్కావంటే ఈసారి మీ అమ్మతో పాటు నేనూ తిడతాను.

ఇంకో సంగతి. ఆ ఆర్‌వీ-7కి రెండే సీట్లు. స్వాతి ఎక్కితే బుడ్డోడు ఎక్కడ? ఔత్సాహికులు కట్టిందనీ, మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడదనీ ప్రయాణికులకు కనిపించేలా ఒక పలక ఉంటుంది కాక్‌పిట్‌లో. స్వాతి దాన్ని చదవకుండా కూర్చునే రకం కాదు.

నన్నడిగితే, మీ ఎయిర్‌పోర్టులో 172లో వాటా అమ్మేవాళ్లు దొరుకుతారేమో వెతుకు. ముగ్గురు పంచుకుంటే హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్ బరువనిపించవు. పగ్గాలు చేతికి అలవాటయ్యేదాకా అందులో ఎగురు. కట్టాలన్న కోరిక నిజంగా ఉంటే తోక కిట్ ఒక్కటే తెప్పించుకుని గరాజ్‌లో మొదలెట్టు. మొత్తం కిట్‌కి ఒకేసారి డబ్బు కట్టకు. 2023 డిసెంబరులో వ్యాన్స్ కంపెనీయే దివాలా రక్షణకు వెళ్లింది, తేరుకుంది గానీ ధరలు పెరిగాయి. మొత్తం పనికి 1,500 గంటల పైమాటే. అంటే నీ శనాదివారాలు కొన్నేళ్లపాటు దానివే. తోక పూర్తయ్యేలోపు నీకు రివెట్లు కొట్టడం ఇష్టమో, ఎగరడం మాత్రమే ఇష్టమో తేలిపోతుంది. ఎగరడమే ఇష్టమైతే అందులో నామోషీ లేదు, నేనూ అదే బాపతు.

ఆర్కన్సా ఆయన లాగ్‌బుక్కుల ఫోటోలు పంపిస్తే మొదటి పేజీ నుంచి చదువుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మామయ్య