మెదడువాపు జ్వరము: దోమ, పంది, వరిమడి

వరిమడిలో నిలిచిన నీరు పైరునకు ప్రాణము. ఆ నీటిలోనే క్యూలెక్స్ జాతి దోమలును పెరుగును. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అను మెదడువాపు వ్యాధిని మోసుకొని వచ్చునవి ఇవే. మన దేశమున ఈ వ్యాధిని 1955లో వేలూరు ప్రాంతమున మొదట గుర్తించిరి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాలలో ఇది ఎందరో పిల్లలను పొట్టనబెట్టుకొన్నది.

దీనికి మూలమైన వైరస్ కొంగలలోను, పందులలోను పెరుగును. సోకిన పంది సాధారణముగా పైకి ఆరోగ్యముగనే కనబడును. అందుచేత యజమాని మన మాట నమ్మడు. చూడి పంది మాత్రము చచ్చిన పిల్లలను ఈనవచ్చును. పందిని కుట్టిన దోమ కొన్ని దినముల తరువాత మనిషిని కుట్టినచో వైరస్ అతని రక్తములో చేరును. మనిషినుండి మరల దోమకు అంటుటకు చాలినంత వైరస్ మనిషి రక్తములో ఉండదు. కనుక రోగి ఇంటిని వెలివేయుట తెలివితక్కువ.

శరీరములో ఇతరచోట్ల సన్నని రక్తనాళముల గోడలు కొంత ఊటకు చోటిచ్చును. మెదడులో అట్లు కాదు. అక్కడి గోడకణములు ఒకదానితో నొకటి బిగువుగా అతుకుకొని, ప్రాణవాయువును, ఆహారమును లోనికి పోనిచ్చి, తక్కినవానిలో చాలవరకు ఆపును. సిమెంటు పూసిన కాలువ వంటి దన్నమాట. వైరస్ ఈ గట్టును ముందుగా తెగగొట్టి లోనికి పోవునని తోచుట సహజము. కాని ఎలుకలపై జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, గట్టు చెదరకమునుపే వైరస్ మెదడులో చేరి పెరుగుచుండెను. అది గోడకణముల గుండా గాని, తెల్లరక్తకణములలో దాగి గాని దాటవచ్చునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. లోపల వైరస్ పెరిగిన పిమ్మట మెదడు కణములు వాపు కలిగించు పదార్థములను విడుచును. ఇవి నాళపు గోడకణముల అతుకులను వదులుచేయును. అప్పుడు రక్తములోని నీరు, మాంసకృత్తులు లోనికి ఊరును. పుర్రె సాగదు గనుక వాచిన మెదడు నలిగిపోవును. గట్టు వరదకు గాక ఎలుకబొరియకు తెగినట్లు!

దోమ కుట్టిన 4 మొదలు 14 దినములలో తీవ్రజ్వరము, తలనొప్పి, వాంతులు, పిమ్మట మూర్ఛ కనబడును. వైరస్ సోకినవారిలో సుమారు 250 మందికి ఒకరికే వ్యాధి ముదురును. కాని మెదడు వాచినవారిలో నూటికి 30 మంది వరకు మరణింతురు. బ్రతికినవారిలో అనేకులకు అవిటితనమో, బుద్ధిమాంద్యమో మిగులును. వైరస్‌ను చంపు మందు లేదు. అయినను మూర్ఛను, వాపును అదుపుచేయుట ఆసుపత్రిలో సాధ్యము. మూర్ఛ వచ్చిన బిడ్డకు వేపమండలు విసరుచు పూట గడుపరాదు.

వ్యాధి గల జిల్లాలలో 9 నెలలు నిండిన బిడ్డకు ఒక టీకా, 16-24 నెలల మధ్య రెండవది వేయుదురు. ఎవరికి తప్పినదో గ్రామాధికారులు చూడవలెను. పందుల దొడ్లు ఇండ్లకు దూరముగా నుండవలెను. ఈ దోమలు ప్రొద్దుగూకిన పిమ్మట కుట్టును గనుక పిల్లలను దోమతెరలో పరుండబెట్టవలెను.

దోమపిల్లకు నీటిలో వారము, పది దినములు గడచిన గాని రెక్కలు రావు. నీరు మన అదుపులో నున్నచోట మడిని అప్పుడప్పుడు ఆరగట్టి, తిరిగి నీరు పెట్టినచో అవి చచ్చును. ఒక్క రైతు చేసిన ఫలము లేదు. ఆ కాలువ క్రింది వారందరు ఒకేసారి ఆరగట్టవలెను. పైరు పొట్టమీద, పూతమీద నున్నప్పుడు మాత్రము ఈ పని చేయరాదు.