నిరపరాధి మనస్సున అపరాధభావము: భరతుని దృష్టాంతము

తప్పు చేసినవాడు సిగ్గుపడుట లోకసహజము. తప్పెరుగనివాడు తలవంచుకొనుట మాత్రము విచారణీయము.

నాట్యశాస్త్రము సప్తమాధ్యాయమున వ్రీడను అకార్యకరణాత్మికగా నిర్వచించినది. అకార్యము చేయనివానికి వ్రీడ యెట్లు కలుగునని ఆక్షేపము. సమాధానము ఆ ప్రకరణముననే కలదు. వ్రీడకు చెప్పిన విభావములలో గురువ్యతిక్రమణముతోపాటు ప్రతిజ్ఞాతానిర్వహణము, అనగా ఆడిన మాట చెల్లింపలేకపోవుట, పరిగణింపబడినది. చెల్లింపలేమికి హేతువు స్వకృతమా, దైవికమా యను భేదమచట చూపబడలేదు. శంక యను సంచారిభావమును గూడ ముని ఆత్మసముత్థము, పరసముత్థము అని రెండు విధములుగా విభజించెను. పరసముత్థమునకు మూలము ఇతరులయందే యుండును.

ఇందులకు లక్ష్యము అయోధ్యాకాండలోని భరతుడు. ఒంటిమిట్ట కోదండరామాలయ జీర్ణోద్ధరణకు శ్రమించిన ‘ఆంధ్రవాల్మీకి’ వావిలికొలను సుబ్బారావు (1863–1936) ఆ కావ్యమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవారగుటచే, కడప సీమకు ఈ కథ చిరపరిచితము. వరములు కోరబడినపుడు భరతుడు కేకయమున నుండెను. అయినను కౌసల్య యెత్తిపొడిచినది, గుహుడు శంకించెను, భరద్వాజుడు ప్రశ్నించెను, లక్ష్మణుడు విల్లందుకొనెను. భరతునిది శోకమే కాని అపరాధభావము కాదందురేని, కౌసల్య యెదుట అతడు చేసిన శపథపరంపరను చూడవలెను. కేవల శోకార్తుడు విలపించును. శపథము చేయువాడు నింద తనపై నున్నదని యెరిగినవాడు. అకార్యమునకు అతడు కర్త కాడు, నిమిత్తము మాత్రమే. నిమిత్తమును కర్తృత్వముగా మనస్సు గ్రహించుటయే ఈ వ్యథకు బీజము.

ఈ వ్యథ కావ్యమునకే పరిమితము కాదు. పత్తికొండ, ఆలూరు ప్రాంతముల మెట్టచేలలో వేరుశనగ వానను నమ్ముకొన్న పంట. వాన తప్పిన యేడు రైతు అప్పిచ్చినవాని యింటి ముందుగా నడువలేక దారి మార్చుకొనును. మేఘము చేసిన తప్పునకు అతడు ముఖము దాచుకొనును. ఇది ప్రతిజ్ఞాతానిర్వహణజన్యమైన వ్రీడయే. అతడు ప్రాణము తీసికొన్నచో, ‘ఆ పూట నేనొక మాట అడిగియుండవలసినది’ యని భార్యాపుత్రులు తమను తాము దూషించుకొందురు. 1876–78 నాటి కరువులో కర్నూలు, కడప మండలములు మిక్కిలి నష్టపోయినవి. అట్టి యాపదలలో బ్రతికి బయటపడుట సైతము కొందరికి దోషముగా తోచును. వీరెల్లరును నిమిత్తమాత్రులే.

పరిహారమును గూడ వాల్మీకియే సూచించెను. శపథములు వినిన కౌసల్య భరతుని ఒడిలోనికి తీసికొని విలపించెను. పరసముత్థమైన శంక అచట తీరినది. ఆత్మసముత్థము తీరలేదు, కనుకనే పదునాలుగేండ్ల నందిగ్రామవాసము. రాజ్యమును న్యాసముగా కాపాడి, పాదుకలను రామునకు తొడిగి మరలనిచ్చిన నాడే అతని మనస్సు తేలికపడినది.

కావున నిర్దోషి సిగ్గులో సగము అతనికే విడువదగినది. కాలము, కర్తవ్యము దానిని తీర్చును. తక్కిన సగము చూచువారి కన్నులలో పుట్టినది. దానిని తీర్చు భారము వారిదే. భర్తను కోల్పోయిన యింటి గడపలో ‘ఏమి జరిగినది?’ అని తరచి అడుగుటకు ముందు ‘తప్పు నీది కాదు’ అనగల పెద్దలు కౌసల్య చూపిన ధర్మమును పాటించినవారగుదురు.